వాచీ చూపే క్యాలరీలు పొంతన లేకుండా ఉంటే

చేతి వాచీ క్యాలరీలను కొలవదు. మణికట్టు మీద ఆకుపచ్చ కాంతి వేసి గుండె వేగం పట్టుకుంటుంది. దానికి మీ వయసు, బరువు, చేతి కదలికలు కలిపి ఒక అంచనా కడుతుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మందితో ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. క్యాలరీల్లో మాత్రం అన్నింటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. అధ్వానమైనది 93 శాతం.

మామూలు నడకకే ఎక్కువ చూపుతోంది

ముందు యాప్‌లో మీ బరువు సరిచూడండి. ఎప్పుడో నింపిన అంకె అలాగే ఉండిపోతుంది. తర్వాత చూస్తున్నది మొత్తం క్యాలరీలా, యాక్టివ్ క్యాలరీలా (కదలిక వల్ల మాత్రమే ఖర్చయ్యేవా) అన్నది గమనించండి. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే సుమారు 240 ఖర్చవుతాయి. అందులో 70 దాకా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే.

వాచీ లెక్క ప్రకారమే తింటున్నా బరువు తగ్గడం లేదు

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. వాచీ 400 చూపిందని ఆ 400కు సరిపడా అదనంగా తింటే, నిజంగా ఖర్చయింది 280 అయినప్పుడు ఆ తేడా రోజూ ఒంట్లోనే చేరుతుంది. మనిషేమో తన వ్యాయామాన్ని, తన పట్టుదలను అనుమానిస్తాడు. వ్యాయామంలో లోపం లేదు. తిండిని వాచీతో ముడిపెట్టకండి. రెండు మూడు వారాల సగటు బరువు ఎటు పోతోందో చూసి తిండి సవరించుకోండి. పరుగెత్తేవారికి సులువైన లెక్క ఉంది: కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి దాదాపు ఒక క్యాలరీ. వాచీ అంకె దీనికి చాలా దూరంగా ఉంటే దీన్నే నమ్మండి.

మెల్లగా పరుగెత్తుతున్నా గుండె వేగం 170 దగ్గరే ఆగిపోయింది

వాచీ గుండెను వదిలి మీ అడుగుల లయను లెక్కపెడుతోంది. పట్టీ వదులుగా ఉంటే ఇలా జరుగుతుంది. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, జారకుండా బిగించండి. అప్పటికీ కుదరకపోతే గుండె వేగం కొలిచే, ఛాతీకి కట్టుకునే బెల్టు మేలు.

ఎండలో ఎక్కువ, బరువులెత్తితే అంతుచిక్కని అంకెలు

ఎండలో ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. అడుగుల వేగం అదే, గుండె వేగమే పెరుగుతుంది. వాచీ దాన్ని శ్రమ అనుకుంటుంది. బరువులెత్తేటప్పుడూ అంతే, ప్రాణవాయువు వాడకం అంతగా పెరగకుండానే గుండె వేగం ఎగుస్తుంది. ఛాతీ బెల్టు కూడా దీన్ని సరిచేయలేదు. జిమ్‌లో క్యాలరీలు వదిలేసి ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు ఎత్తారో రాసుకోండి.

ఎంత శ్రమపడినా తక్కువే చూపుతోంది

ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకుని నడిస్తే చెయ్యి ఊగదు, అడుగులు నమోదు కావు. కడ్డీ వదిలేయండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో అది శ్రమకు తగ్గట్టు పెరగదు కాబట్టి అంచనా పడిపోతుంది. అంకె కోసం మాత్ర ఆపవద్దు. అంకెకు బదులు ఆయాసాన్ని గమనించండి: మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే అది మధ్యస్థాయి శ్రమ.