శాక్సఫోన్లను మొదటి స్వరంలోనే విడదీయకండి

జాజ్ బృందానికి కొత్తగా అరేంజ్‌మెంట్ (ఏ వాద్యం ఏ స్వరం వాయించాలో) రాసేవారు నాలుగు శాక్సఫోన్లు దొరికితే చాలు, మొదటి స్వరం నుంచే నాలుగు గొంతుల హార్మనీ, అంటే ఒకేసారి నాలుగు వేర్వేరు స్వరాలు, పరిచేస్తారు. నేనూ అలాగే రాసేవాణ్ని. ప్రతి ముద్దలోనూ నెయ్యే తగిలినట్టు కాసేపటికి మొహం మొత్తుతుంది.

ఈసారి ఇలా ప్రయత్నించండి. వరస మొదలులో అందరిచేతా ఒకే స్వరం పలికించండి. చివరి రెండు మూడు స్వరాల దగ్గర మాత్రమే హార్మనీగా విప్పండి. అంతవరకూ దాచిపెట్టారు కాబట్టి, ఆ విప్పడం చెవికి తెలుస్తుంది.

విప్పేటప్పుడు స్వరాలు ఇరుకుగా అనిపిస్తే ‘డ్రాప్ టూ’ వాడండి. పైనుంచి రెండో స్వరాన్ని ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించడమే. సి సిక్స్త్ అనే కార్డులో (కలిసి మోగే స్వరాల గుంపులో) పైనుంచి సి, ఎ, జి, ఇ ఉంటే, ఎ దిగి సి, జి, ఇ, ఎ అవుతుంది. మెలొడీ బాగా కింద నడుస్తున్నప్పుడు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు, అడుగున బురదలా వినిపిస్తుంది.

ఏ వాద్యం పైన, ఏది కింద అన్నదీ ముఖ్యమే. 1930లో అమెరికన్ జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ తన ‘మూడ్ ఇండిగో’లో మ్యూట్ (ధ్వనిని మెత్తబరిచే మూత) పెట్టిన ట్రంపెట్‌ను పైన, దాని కిందనే మ్యూట్ పెట్టిన ట్రాంబోన్‌ను ఎత్తు స్థాయిలో, క్లారినెట్‌ను అట్టడుగున ఉంచారు. మామూలుగా పైన ఉండాల్సిన క్లారినెట్! వాద్యాలు మూడే. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి ఆ క్లారినెట్‌నే పట్టుకుని వినండి.