చిన్న కొట్టు, చెరగని గుర్తు – 4వ పాఠం: బొమ్మకి ఉద్యోగం

గత మూడు పాఠాల్లో కొట్టుకి పేరు ఖాయం చేసుకున్నాం, ఫోనుతో సరుకు ఫొటోలు తీయడం చూశాం, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పెట్టుకున్నాం. ఈసారి బొమ్మ. కొట్టుకి గుర్తుగా నిలిచే పాత్ర, మస్కట్ అంటారే, అది.

చాలామంది బొమ్మని బోర్డు మీది అలంకారం అనుకుంటారు. ఒకసారి గీయించి, ఫ్లెక్సీ కొట్టించి వదిలేస్తారు. ఆరు నెలలకి అది ఎండకి వెలిసిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. నిజానికి బొమ్మ మీ కొట్టులో ఒక పనివాడు. ముందు పని చూడాలి, ఆ తర్వాతే రూపం. రోజూ ఈ బొమ్మ జనంతో ఏం చెబుతుందో మీకు తెలియకపోతే ఇప్పుడే గీయించకండి. ఆ డబ్బు మంచి అట్టపెట్టెల మీద పెట్టండి.

పాఠమంతా ఒకే ఉదాహరణ తీసుకుందాం: ఆత్రేయపురంలో ఇంట్లోనే పూతరేకులు చుట్టి అమ్మే కుటుంబం. మీది తాపేశ్వరం కాజా అయినా, నరసాపురం లేసు అయినా, అంబాజీపేట కొబ్బరి అయినా పద్ధతి ఇదే.

రూపం ఎక్కడ దొరుకుతుంది

గోదావరి అనగానే చేతికి వచ్చేవి కొబ్బరిచెట్టు, పడవ, పావడా కట్టిన అమ్మాయి. అవి అందరివీ. పదిమంది బోర్డుల మీద ఉన్నది మీ గుర్తు కాలేదు. బయటికి చూడడం మాని పనిచేసే చోట కూర్చుని చుట్టూ చూడండి. పూతరేకుల ఇంట్లో కనిపించేది ఏమిటి? మంట మీద బోర్లించిన నున్నటి కుండ. పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డని దాని వీపు మీద పరిచి లాగగానే పొర అంటుకుంటుంది, క్షణాల్లో ఆరి రేకై లేస్తుంది. ఆ కుండే మన పాత్ర. గుండ్రటి వీపు తల. ఆకు మంట పెట్టే సందు నోరు, లోపల ఎర్రటి వెలుగు. తల మీద తడిగుడ్డ పాగా. పేరు 'కుండబాబాయ్'. ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో గుండ్రంగా కత్తిరించి కనబడుతుంది కాబట్టి ఈ గుండ్రటి తల దాన్ని నిండుగా నింపుతుంది కూడా.

సరుకు కంటే పనిముట్టు మంచి గుర్తు అవుతుందని మా గట్టి అభిప్రాయం. 1954లో కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ ఏషియన్ పెయింట్స్ రంగుల కంపెనీకి గీసిన గట్టూ అనే కుర్రాడి బొమ్మ చేతిలో ఉన్నవి రంగుడబ్బా, కుంచె. చూడగానే పని తెలుస్తుంది. పూతరేకుకి కళ్లూ కాళ్లూ పెడితే మడతపెట్టిన కాగితంలా కనిపిస్తుంది తప్ప ఏమిటో తెలియదు.

దేవుడి బొమ్మ మాత్రం వద్దు. పెట్టె ఖాళీ అయ్యాక చెత్తలోకి వెళుతుంది. దేవుడి ముఖం ఉన్న పెట్టెని పారేయలేక జనం నొచ్చుకుంటారు. సినిమా హీరోల ముఖాలూ, పిల్లల కార్టూన్ పాత్రలూ వేరేవాళ్ల హక్కులు, వాటి జోలికి పోవద్దు.

గీయించేటప్పుడు

ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో మీరే గీయండి, వంకరగా వచ్చినా ఫర్వాలేదు. బొమ్మంతా నల్లగా నింపేయండి. అప్పుడూ అది కుండే అని పక్కింటి పిల్లాడు చెప్పగలగాలి. తర్వాత దాన్ని రూపాయి బిళ్ల అంత చేసి చూడండి. కళ్లు, నోరు, పాగా, ఈ మూడూ విడివిడిగా కనిపించాలి. కుండ మీద ముగ్గులు, పాగాకి జరీ అంచు లాంటివన్నీ ఆ సైజులో మరకలైపోతాయి, తీసేయండి.

రంగులు మూడు మించకూడదు. ఇక్కడ కాల్చిన మట్టి ఎరుపు, గుడ్డ తెలుపు, మంట నారింజ. ఫోనులో ధగధగలాడే నారింజ అట్టపెట్టె మీదికి వచ్చేసరికి మట్టిరంగులోకి దిగిపోతుంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో చూపిస్తుంది, అదీ కారణం. అందుకని ముందు ప్రింటు నమూనా తీయించి, అందులో బాగున్న రంగునే ఫోనుకీ వాడండి.

ఆర్టిస్టు దగ్గర తీసుకోవలసినవి: ఎదురుగా, పక్కనుంచి, నమస్కారం పెడుతూ, పెట్టె పట్టుకుని, పరుగెడుతూ – ఐదు భంగిమలు. నవ్వు, ఆశ్చర్యం, దిగులు, నిద్ర – నాలుగు ముఖాలు. రబ్బరు స్టాంపుకి, బిల్లు కాగితానికి ఒక్క నలుపులో ఇంకొకటి. ఇవన్నీ ఎంత పెంచినా పగలని వెక్టర్ ఫైలుగానూ, వెనక తెలుపు లేని పీఎన్‌జీగానూ కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకుంటే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపించమనండి.

ఇంకో చిక్కు తెలుగు అక్షరాలది. మన ఊళ్లలో ఫ్లెక్సీ, ప్రింటింగ్ షాపులు చాలావాటిలో ఇప్పటికీ అను ఫాంట్లే, అంటే యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు అక్షరాలే. ఫోనులో మీరు టైపు చేసే యూనికోడ్ అక్షరాలు అక్కడ తెరిస్తే ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. కొట్టు పేరుని ఆర్టిస్టు చేతే అక్షరాల నుంచి గీతలుగా మార్పించి, అంటే కర్వ్స్ చేయించి తీసుకుంటే ఏ షాపులో తెరిచినా ఒకేలా ఉంటుంది.

ఏఐతో బొమ్మ చేయించుకునేవాళ్లు పెరిగారు. ఊహ కోసం వాడండి, తప్పులేదు. కానీ అదే ముఖం ప్రతిసారీ అచ్చంగా రాకపోవచ్చు. సోమవారం కుండకీ గురువారం కుండకీ పోలిక లేకపోతే చూసేవాళ్లు గుర్తుపట్టలేరు. 1966లో పుట్టిన అమూల్ పాప ఇప్పటికీ చుక్కల గౌనులోనే ఉంది. మీ బొమ్మకి కూడా పండక్కి చేతిలోది మార్చండి, ముఖం మార్చకండి.

కాగితం మీద హక్కు

డబ్బిచ్చి గీయించుకున్నాం కాబట్టి బొమ్మ మనదే అనుకోవడం పొరపాటు. మీ జీతగాడు కాని ఆర్టిస్టు గీస్తే కాపీరైటు మామూలుగా ఆయనదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మీకు వస్తుంది. ఆ రాతలో కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది. ప్రదేశం రాయకపోతే ఇండియా వరకే. అమెరికాకి పార్శిళ్లు పంపే కొట్లకి ఇది చిన్న విషయం కాదు. పైగా ఏడాదిలోగా వాడని హక్కు, వేరేగా రాసుకోకపోతే, తిరిగి ఆయనకే పోతుంది. అందుకని ఒక్క పేజీలో 'కాపీరైటు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, వాడినా వాడకపోయినా' అన్న మాటలు, ఇచ్చిన సొమ్ము, ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆర్టిస్టు గారికి కూడా ఇది ముందే చెప్పి, దానికి తగ్గ సొమ్ము ఇవ్వడం మర్యాద.

ట్రేడ్‌మార్కు, అంటే కొట్టు పేరునీ గుర్తునీ రిజిస్టరు చేయించుకోవడం, వేరే. అక్కడ సరుకుల్ని తరగతులుగా విడగొడతారు, మిఠాయిలు 30వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తిగతంగా ఆన్‌లైన్లో వేస్తే ఒక తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు, రిజిస్టరైతే పదేళ్లు. ఒకటి గమనించండి: ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఏ ఒక్క కొట్టుదీ కాదు. మీరు కాపాడుకోవలసింది 'కుండబాబాయ్'నీ, మీ కొట్టు పేరునీ. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ జనం వచ్చేలోపు దరఖాస్తు వేసి ఉంచుకోండి.

ఉద్యోగం

కుండబాబాయ్‌కి మూడు పనులే ఇద్దాం. మధ్యాహ్నం సరుకు సిద్ధం కాగానే స్టేటస్‌లో 'ఆయ్, ఇవాళ్టి రేకులు చుట్టేశామండి. నెయ్యి-బెల్లం నలభై పెట్టెలు, నెయ్యి-పంచదార ఇరవై' అని చెప్పడం. శుక్రవారం సాయంత్రం, వాడపల్లి వెంకన్న దర్శనానికి శనివారం వచ్చేవాళ్ల కోసం, 'రేపు వాడపల్లి వస్తున్నారాండి? కొట్టు పొద్దున్నే తెరిచేస్తాం' అని దారి మ్యాపుతో పెట్టడం. వానాకాలంలో, రేకులు చెమ్మ పీల్చి మెత్తబడతాయి కాబట్టి, డబ్బా మూత గట్టిగా పెట్టమని గుర్తుచేయడం. అంతకుమించి వద్దు. రాజకీయాలు, కులం, హీరోల గొడవలు బాబాయ్ నోట అసలు రాకూడదు.

రీల్ అయితే 15 నుంచి 20 సెకన్లు, నిలువుగా 1080×1920. మొదటి రెండు సెకన్లలో రేకు లేవాలి: దగ్గరగా గుడ్డ లాగిన చేయి, ఆవిరి, అంచునుంచి ఊడొచ్చే పొర. బొమ్మ ఆ తర్వాతే. కింది మూడో వంతులో రాతలూ, కుడివైపున బటన్లూ కప్పేస్తాయి కాబట్టి బాబాయ్‌ని ఎడమవైపు, నడుమకి కాస్త పైన నిలబెట్టండి. బిజినెస్ అకౌంట్లకి సినిమా పాటలు చాలావరకు దొరకవు. తడిగుడ్డ వేడికుండని తాకినప్పుడు వచ్చే చుయ్‌మనే చప్పుడు ఉంది కదా, అది చాలు.

వాట్సాప్ స్టిక్కర్లు ఎక్కువమందికి చేరతాయి. ఒక్కోటి 512×512 పిక్సెళ్లు, 100 కేబీ లోపు, వెబ్‌పీ ఫైలు. ప్యాక్‌కి కనీసం మూడు ఉండాలి. చుట్టూ 8 పిక్సెళ్ల తెల్ల అంచు పెట్టించండి, లేకపోతే నల్లటి చాట్‌లో కుండ కలిసిపోతుంది. మాటలు జనం రోజూ అనేవే కావాలి: 'ఆయ్', 'తిన్నారాండి?', 'బయల్దేరారా?', 'వచ్చేస్తున్నాం'. స్టిక్కరు మీద ఫోను నంబరు వేయకండి. ప్రకటనని ఎవరూ చెల్లెలికి పంపరు. కుండ మెడ దగ్గర కొట్టు పేరు చిన్నగా ఉంటే సరిపోతుంది.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే కబురు చాలామందికి విడివిడిగా పంపే జాబితాలో, 256 మందికే పంపగలం, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. పెట్టె మూత లోపల బాబాయ్ చేత 'మా నంబరు సేవ్ చేసుకోండి, తాజా కబురు పంపుతాం' అనిపించడం అందుకే.

ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రం బొమ్మ తప్పుకోవాలి. 'హైదరాబాదు చేరేసరికి రేకులన్నీ ముక్కలయ్యాయండి' అని ఒకావిడ రాస్తే, నవ్వే కుండ క్షమాపణ చెప్పడం వెక్కిరింతలా ఉంటుంది. అక్కడ యజమాని తన పేరుతోనే, 'అమ్మా, పొరపాటు మాదేనండి, వేరే పెట్టె రేపు పంపిస్తాం' అని రాయాలి. రాసినట్టే పంపాలి.

బొమ్మలా స్పాంజి వేషం వేయించి కొట్టు ముందు మనిషిని నిలబెట్టాలన్న ఆలోచన వస్తుంది. మన ఉక్కపోతలో లోపల ఉన్న కుర్రాడు ఇట్టే సొమ్మసిల్లుతాడు. సంక్రాంతి సాయంత్రాల్లో అయితే ఒక్కో విడత పదిహేను నిమిషాలు, పక్కన తోడు మనిషి, మంచినీళ్లు. మిగతా రోజుల్లో 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికపాటి ఫోం పలక) మీద ఐదడుగుల కటౌట్ నయం. వానలో తడవకుండా అరుగు లోపలే పెట్టండి.

ఈ వారం పని: మీ పనిచోటున్న వస్తువులు పది రాయండి. వాటిలో మూడింటికి కళ్లూ నోరూ గీయండి. రూపాయి బిళ్ల పరీక్షలో నిలిచిన ఒకదానికి ఏడు రోజుల మాటలు, రోజుకి ఒక్క వాక్యం, మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయండి. ఆ ఏడింటిలో మీ సరుకు, ధర, వేళ కనీసం నాలుగుసార్లు రావాలి. 5వ పాఠంలో ఆ వాక్యాల్ని అట్టపెట్టె మీదికి ఎక్కిద్దాం. ఒక ఖాళీ పెట్టె, స్కేలు దగ్గర ఉంచుకోండి.