వానల్లో కోరాపుట్ వైపు తాత్కాలిక కాపరిగా వెళ్లేవారికి

జూన్‌లో బదిలీలు జరిగి, కొత్త అయ్యగారు, అంటే పాస్టరు, వచ్చేదాకా కొన్ని నెలలు చర్చి సంఘాన్ని చూసుకోమని మిమ్మల్ని ఆంధ్రా నుంచి ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు పంపారంటే వానలూ మీరూ ఒకేసారి అక్కడికి చేరతారు. నేనలా మూడుసార్లు వెళ్లాను. సాలూరు దాటాక సుంకి ఘాట్ రోడ్డు సంగతి అందరూ చెబుతారు. చీకటి పడకముందే ఘాట్ దాటేయండి. దోమతెర పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. జ్వరమొస్తే మాత్ర వేసుకుని పడుకోవద్దు, అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి. నేను ఎక్కువగా చెప్పదలచింది సంఘం లోపల పడాల్సిన జాగ్రత్త గురించి.

అన్నిటికన్నా ముందు పెళ్లిళ్ల లైసెన్సు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద మన పాస్టర్లకు ఆ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. ఆంధ్రాలో తీసుకున్నది ఒడిశాలో చెల్లదు. మీరు వెళ్లిన వారానికే ఎవరో ఒకరు శుభలేఖ పట్టుకొచ్చి "మీ చేతుల మీదుగానే జరగాలి అయ్యగారూ" అంటారు. మొహమాటపడి ఒప్పుకోకండి. అధికారం లేకుండా పెళ్లి చేయడం జైలుకు పంపే నేరం, పైగా రేపు ఆ పిల్లలు సర్టిఫికెట్ కోసం తిరగాల్సి వస్తుంది. అక్కడి లైసెన్సున్న అయ్యగారిని పిలిపించి పెళ్లి జరిపించండి, మీరు వాక్యం చెప్పండి. ఇంకొకటి, మామూలుగా పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే జరగాలని అదే చట్టంలో ఉంది. వానాకాలంలో పెళ్లివారి బస్సు ఘాట్‌లో ఇరుక్కోవడం మామూలే కాబట్టి ముహూర్తం పొద్దున పెట్టుకోమని ముందే చెప్పండి.

"మా గుంటూరులో ఇలా చేయం" అనే మాట మీ నోట రాకూడదు. గుంటూరుకు మిషనరీ హయ్యర్ అయ్యగారు 1842లో అమెరికా నుంచి వచ్చారు. ఈ కొండలకు మిషనరీలు 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చారు. ఇద్దరిదీ మార్టిన్ లూథర్ బాటలోని లూథరన్ విశ్వాసమే, ఇంటి అలవాట్లు వేరు. దమన్‌జోడి, సునాబెడ ఫ్యాక్టరీలకో రైల్వే ఉద్యోగాలకో కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలూ, తాతల నాటి నుంచి అక్కడే ఉన్న కుటుంబాలూ ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరిస్తాయి. మీరు ఏ అలవాటును మెచ్చుకున్నా రెండోవాళ్లను చిన్నబుచ్చినట్టే. మొదటి ఆదివారానికి ముందే సంఘపెద్దల దగ్గర కూర్చుని ఆరాధన క్రమం మొత్తం అడిగి రాసుకోండి. సంస్కారానికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి, చిన్న గిన్నెలా, ఒకే పాత్రా? మిగిలిన రసం ఏం చేస్తారు? బల్ల మీద గుడ్డ ఎవరు మారుస్తారు? రొట్టె బిళ్లల డబ్బా శనివారమే తెరిచి చూడండి, ఆ చెమ్మకు అవి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతాయి.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఒక చర్చిలో కప్పు కారి చినుకులు సరిగ్గా బాప్తిస్మపు తొట్టిలో పడుతున్నాయి. నేనే ఇద్దరు కుర్రాళ్లను పిలిచి దాన్ని గోడ పక్కకు జరిపించాను. చనిపోయిన బిడ్డ జ్ఞాపకంగా ఒక కుటుంబం చేయించిన తొట్టి అది, వాళ్లు కూర్చునే బెంచీకి ఎదురుగా ఉండేది. ఆ తల్లి మూడు ఆదివారాలు రాలేదు. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగి, తొట్టిని మళ్లీ దాని చోటికి చేర్చి, పైన టార్పాలిన్ కట్టించాను. అందుకే మొదటి రెండు నెలలు బెంచీ కూడా కదపవద్దంటాను.

పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. పిల్లలు తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే ముందు జరిగే కన్ఫర్మేషన్ క్లాసుకు లూథర్ చిన్న కాటెకిజం, అంటే విశ్వాస పాఠాల పుస్తకం, తెలుగు ప్రతులు మోసుకెళ్లాను. పిల్లలు గలగలా తెలుగు మాట్లాడుతున్నారు, పుస్తకం ఇస్తే తలలు దించేశారు. చదువంతా ఒడియాలో. ఒక అమ్మాయి నోటుబుక్కు తెరిచి చూపించింది. మన కీర్తన మొత్తం తెలుగు మాటలే, రాసింది మాత్రం గుండ్రటి ఒడియా అక్షరాల్లో. వాళ్లమ్మ పాడుతుంటే విని రాసుకుందట. ఆ పేజీ చూశాక నా బోధన పద్ధతే మారింది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన నోటితో చెప్పించండి, రాతను వాళ్ల అక్షరాలకే వదిలేయండి. తెలుగు రాదని పిల్లలను అందరి ముందూ అనవద్దు, వాళ్లకు తెలుగు వచ్చు.

పాత అయ్యగారి మీద ఫిర్యాదులు మొదటి వారం నుంచే మొదలవుతాయి. వినండి, ప్రార్థన చేయండి, ఒకరి మాట ఇంకొకరి ఇంట్లో అనకండి. భోజనానికి పిలిచిన పెద్దల ఇళ్లకన్నా ముందు మంచాన పడినవాళ్ల ఇళ్లకూ, అన్నిటికన్నా దూరాన ఉన్న ఊరికీ వెళ్లండి. కానుక ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి సంతకం చేయాలి, మీరు ముట్టుకోవద్దు. కమిటీ తీర్మానం లేకుండా చెక్కు మీద సంతకం చేయవద్దు. బీరువా తాళాలు ఇచ్చిన రోజే రిజిస్టర్లు, పాత్రలు లెక్క చూసి జాబితా రాయించండి.

సమాధుల తోట వాన గట్టిగా పట్టకముందే చూసి రండి. గొయ్యి ఎవరు తీస్తారు, గేటు తాళం ఎవరి దగ్గరుంది, నీళ్లు ఎటు పోతాయి? ఆగస్టులో తీసిన గొయ్యి గంటలో నీళ్లతో నిండుతుంది, పక్కలు జారిపోతాయి. రెండు బకెట్లు, నాలుగు చెక్కలు, ఒక పెద్ద ప్లాస్టిక్ షీటు చర్చి గదిలో సిద్ధంగా ఉంచండి. శవపేటిక పక్కన కుటుంబం తడుస్తూ నిలబడి ఉండగా బకెట్ కోసం మనిషిని పరిగెత్తించడం నేను చూశాను.

రాబోయే అయ్యగారి కోసం మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టండి. తగాదాలు అందులో రాయవద్దు. ఇంటి దగ్గరే సంస్కారం తీసుకునేవాళ్లు ఎవరు, బల్ల దగ్గర మోకాళ్లు వంగనివాళ్లు ఎవరు, ఏ మామ్మకు ఎడమ చెవి వైపు కూర్చుని ప్రార్థన చేస్తే వినిపిస్తుంది, అవి రాయండి.