పెద్ద ఆర్‌సీ విమానానికి రంగు చెడిందా? ముందు మన ఎండ, మన నీళ్లు, మన దుమ్ము చూడండి

రిమోట్‌తో ఎగరేసే ఆర్‌సీ విమానాల్లో, అసలు పైపర్ కబ్ విమానానికి నాలుగో వంతు సైజులో ఉండే మోడల్ రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 2.7 మీటర్లు. ఒక పక్క రెక్కకు రంగు కొడుతూ చివరికి చేరేసరికి, మొదలుపెట్టిన చోట ఆరిపోయి ఉంటుంది. మే నెలలో నల్లగొండలో అయితే సగం దూరం పోకముందే ఆరుతుంది. రంగు డబ్బాల మీద ఉండే సూచనలు చాలావరకు 20, 25 డిగ్రీల గదిని లెక్కలో పెట్టుకుని రాసినవి. మన రేకుల షెడ్డులో అంత చల్లదనం చలికాలం పొద్దున తప్ప దొరకదు.

అందుకే లోపం కనబడగానే ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పనిముట్టు) విప్పి కూర్చోకండి. నాజిల్ నుంచి బయలుదేరిన రంగు చుక్కకు దారిలో ఏమైంది, దిగిన చోట దానికి ఏం ఎదురైంది అని ఆలోచించండి. సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

పనిముట్ల గురించి ఒక మాట. రెక్క, బాడీ లాంటి పెద్ద భాగాలకు 0.8 మి.మీ. నాజిల్ ఉన్న చిన్న స్ప్రే గన్ వాడండి. 0.3 ఎయిర్‌బ్రష్‌ను నీడలకు, ప్యానెల్ గీతలకు, కామోఫ్లాజ్ మచ్చలకు ఉంచుకోండి. ఎయిర్‌బ్రష్‌తో రెక్కంతా నింపాలని చూస్తే చారలు పడతాయి. అది చేతి తప్పు కాదు, పనిముట్టు దానికి చాలదు.

వేలితో రాస్తే గరుకు, రంగు పొడిలా రాలుతుంది

చుక్క గాలిలోనే ఎండిపోయి, పిండి చల్లినట్టు పైన పడింది. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. ఎండ ఒక కారణం, ఎక్కువ ప్రెషర్ ఇంకో కారణం, దూరం నుంచి కొట్టడం మూడోది. ఎండాకాలంలో మూడూ కలుస్తాయి. రంగు సరిగా రావడం లేదని ప్రెషర్ పెంచుతాం. పెంచేకొద్దీ ఇంకా ఎండుతుంది.

పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు పని ముగించండి. ఎయిర్‌బ్రష్‌లో అక్రిలిక్‌కు 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు. దూరం జానెడు దాటనివ్వకండి. అక్రిలిక్ అయితే ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ నాలుగైదు చుక్కలు కలపండి. కార్ల రంగు అయితే షాపులో స్లో థిన్నర్ అని అడగండి.

సరిగ్గా పడుతోందో లేదో తెలియడానికి, రెక్క వెనక వైపున ట్యూబ్‌లైట్ వెలుగుతూ ఉండాలి. కొడుతూ పోతుంటే ఆ లైటు ప్రతిబింబం రంగులో తడితడిగా, సన్నని గీతలా మీ చేతి వెంట కదలాలి. గీత చెదిరి మసకబారిన చోట రంగు ఎండిపోయి పడుతున్నట్టే. గీత వంకర తిరిగి కిందికి జారుతుంటే రంగు ఎక్కువైంది, కాసేపట్లో కారుతుంది. ఇప్పటికే గరుకుగా పడిపోతే, పూర్తిగా ఆరనిచ్చి 1000 నంబర్ వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది మళ్లీ కొట్టండి.

ఎయిర్‌బ్రష్ ఆగి ఆగి ఉమ్మినట్టు చేస్తే అదీ ఇదే జబ్బు. సూది కొస మీద రంగు గడ్డకట్టింది. థిన్నర్‌లో ముంచిన మెత్తని కుంచెతో కొసను రెండు మూడు నిమిషాలకోసారి తుడవండి.

కప్పులో బుడగలు వస్తున్నాయి

గాలి వెనక్కి తన్నుతోంది. నాజిల్ మూసుకుపోయి ఉండాలి, లేదా వదులైనా పగిలినా ఉండాలి. శుభ్రం చేసి సరిగ్గా బిగించండి. అయినా బుడగలు ఆగకపోతే నాజిల్ మార్చండి.

వానాకాలంలో లాకర్ (థిన్నర్ ఆవిరై ఆరే రంగు) పాలిపోయి తెల్లబడింది

థిన్నర్ ఆవిరవుతూ కింది భాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువ ఉంటే ఆ చల్లదనానికి మంచులా పట్టి రంగులో చిక్కుకుంటుంది. వాన పడుతున్నప్పుడు, పడి వెలిసిన వెంటనే లాకర్ కొట్టకండి. తెల్లబడిందానికి, పొడి వాతావరణం వచ్చాక రిటార్డర్ థిన్నర్‌ను పలచగా మంచులా కొడితే చాలాసార్లు తేటపడుతుంది.

రంగులో నీటి చుక్కలే పడుతుంటే అవి కంప్రెసర్ ట్యాంకువి. పని అయిన ప్రతిసారీ అడుగున ఉన్న డ్రెయిన్ తిప్పి నీళ్లు వదలండి. వాటర్ ట్రాప్‌ను కంప్రెసర్‌కు ఆనించి పెడితే లాభం లేదు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు ఆవిరి రూపంలోనే దాటిపోతుంది. కొంత పైపు తర్వాత, గాలి చల్లబడిన చోట పెట్టండి.

రంగు పక్కకు జరిగి చేపకన్ను లాంటి గుంటలు

కింద నూనెనో మైనమో ఉంది. ఫైబర్‌గ్లాస్ బాడీ అయితే అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన మైనం, చెక్క అయితే తలనూనె అంటిన మన చేతులు. తుడిచే వరుస ముఖ్యం. చాలామంది ముందు పేపర్ రుద్ది తర్వాత కడుగుతారు. అలా చేస్తే మైనం గీతల్లోకి దిగిపోతుంది. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో తుడిచి, ఆరకముందే పొడి బట్టతో ఎత్తేయండి. ఆ తర్వాతే 400 పేపర్. గుంటలు పడ్డాక వాటి మీదే ఇంకో కోటు వేయకండి. ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ మొదటి నుంచి రండి.

రెండు నెలల తర్వాత బొబ్బలు

దీన్ని నేను చాలా ఆలస్యంగా పట్టుకున్నాను. ఒక విమానం బాడీని వాకిట్లో బోరు నీళ్లతో రుద్ది, కడిగి, ఎండలో ఆరబెట్టి ప్రైమర్ వేశాను. రంగు అద్దంలా వచ్చింది. వానలు పడ్డాక తోక దగ్గర ఆవగింజలంత బొబ్బలు లేచాయి. గోటితో ఒకటి చిదిమితే నీటి చెమ్మ, దాని కింద ప్లాస్టిక్ బకెట్ అంచున కట్టే లాంటి తెల్లని ఉంగరం.

నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. రంగుకు మాత్రం నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ శత్రువులే. నీళ్లు ఆరితే ఉప్పు మిగులుతుంది, రంగు కింద కూర్చుని తేమను లాగుతుంది. రుద్దడానికి ఏ నీళ్లయినా సరే, చివరి కడుగుడు మాత్రం బ్యాటరీ వాటర్‌తో (ఉప్పులు తీసేసిన నీళ్లు, యాసిడ్ కాదు) చేయండి. గాలికి ఆరనివ్వకుండా బట్టతో తుడిచేయండి. అక్రిలిక్ పలచన చేయడానికీ అదే వాడండి. బొబ్బలు వచ్చిన చోట అడుగు దాకా రుద్దడం తప్ప మందు లేదు.

నున్నటి రంగు మీద నలుసులు

వరి కోతల రోజుల్లో మిర్యాలగూడ వైపు మిల్లుల ఊక, బూడిద. జూన్, జులైలో పాలమూరు గాలి, ఎర్రమట్టి. కొట్టే ముందు నేల మీద సాన్పి చల్లినట్టు నీళ్లు చల్లండి. ఫ్యాన్ ఆపేయండి. పడ్డ నలుసును తడి మీద వేలితో తీయకండి. గట్టిపడ్డాక 2000 పేపర్, తర్వాత రబ్బింగ్ కాంపౌండ్.

మాస్కింగ్ టేపుతో రంగు ఊడి వచ్చింది

కింద పట్టు లేదు. ఫిల్మ్ కవరింగ్ (విమానానికి పైన అంటించే ప్లాస్టిక్ పొర) మీద రంగు వేయాలంటే ముందు స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది మెరుపు చంపాలి. టేపును అంటించే ముందు శుభ్రమైన నూలు బట్టకు ఒకసారి అద్ది జిగురు తగ్గించండి. అంటించిన విమానాన్ని ఎండలో ఉంచకండి. తీసేటప్పుడు టేపును దాని మీదికే మడిచి, నిదానంగా వెనక్కి లాగాలి. టేపు కిందికి రంగు పాకుతుంటే, కొత్త రంగు కంటే ముందు అడుగు రంగునే అంచు మీద పలచగా కొట్టండి. సందు దానితోనే పూడుతుంది.

థర్మకోల్ కరిగింది

థిన్నర్ తగిలింది. దాని మీద నీళ్లతో పలచన చేసే రంగులు తప్ప వేరేవి వద్దు.

ఇంధనం పడిన చోట రంగు జిగటగా మారింది

గ్లో ఇంజిన్ ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్ ఉంటాయి. మామూలు లాకర్, అక్రిలిక్ వాటికి ఆగవు. హార్డనర్ కలిపే పీయూ క్లియర్ (రంగు లేని పాలీయురేథేన్ పై పూత) కావాలి. ముందు ఒక చెక్కముక్కకు పూసి, వారం ఆగి, ఒక చుక్క ఇంధనం వేసి చూడండి.

ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఒకసారి అవి ఒంటికి పడకుండా పోతే, తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా రావచ్చు. దుమ్ము మాస్కు, ఎన్95 ఆ ఆవిరిని ఆపలేవు. ఇంట్లో పిల్లలున్న చోట అసలు వద్దు. బయటి గాలి పైపుతో వచ్చే మాస్కు, బూత్ ఉన్న కార్ల పెయింటింగ్ షాపులో ఆ ఒక్క కోటు వేయించుకోండి.

రంగు వేశాక తోక బరువైంది

రంగు ఆరినా బరువు పోదు. తోక, బరువు కేంద్రానికి 1.2 మీటర్ల వెనక ఉందనుకోండి. అక్కడ 100 గ్రాముల రంగు చేరితే, 0.4 మీటర్ల ముందున్న ముక్కులో 300 గ్రాముల సీసం పెట్టాలి. అంటే విమానం 400 గ్రాములు బరువెక్కింది. ప్రతి భాగాన్నీ రంగుకు ముందు, తర్వాత వంటింటి కాటా మీద తూచి రాసుకోండి. పాత రంగు మీద కొత్తది వేయాలంటే ముందు పాతదాన్ని రుద్ది దించండి. పసుపు, ఎరుపు రంగులకు కింద తెల్ల ప్రైమర్ వేస్తే తక్కువ కోట్లతో కప్పుతాయి.

ఎలివేటర్, రడ్డర్, ఎయిలరాన్ల మీద, అంటే తోకకు, రెక్కలకు కీళ్లతో కదిలే పలకల మీద ఇంకా జాగ్రత్త. కీలు వెనక బరువు పెరిగితే వేగంలో అవి గజగజ వణుకుతాయి. వాటికి రంగు అన్నిటికంటే పలచగా ఉండాలి, కీళ్ల సందులో గడ్డకట్టిన రంగును బ్లేడుతో తీసేయాలి. ఎగురుతుండగా గుయ్‌మని శబ్దం వినబడితే వెంటనే థ్రాటిల్ తగ్గించి దించేయండి. కీళ్లు, లింకులు, పలకలను కదిపే సర్వో మోటార్ల గేర్లు అన్నీ చూడకుండా మళ్లీ ఎగరేయకండి.