టోర్నమెంట్ ఉన్న రెజ్లింగ్ షో చూస్తున్నారా? ముందు పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపండి

ఒడిశా పర్లాకిమిడిలో మా మేడమీద గదిలో ఏడెనిమిది మందిమి చేరి చూస్తాం, సగం తెలుగు అరుపులు సగం ఒడియా అరుపులు, మహేంద్రతనయ ఏటి అవతల పాతపట్నం నుంచి చీకట్లో బండేసుకుని వచ్చే మా బావ ఒకడు. మామూలు షో అయితే ఎలా చూసినా గడిచిపోతుంది గానీ, ఛాంపియన్‌షిప్ టోర్నమెంట్ ఉన్న షోని కాగితం లేకుండా చూస్తే సగం మజా పోతుంది. ఎవడు ఎన్ని మ్యాచ్‌లు ఆడి ఫైనల్‌కి వచ్చాడు, ఎవడు ఒళ్లు అలవకుండా వచ్చాడు, ఈ లెక్కలోనే కథంతా ఉంటుంది.

ముందు టైమ్ సంగతి తేల్చుకోండి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అమెరికా తూర్పు తీరం టైమ్‌లో శనివారం రాత్రి 7 అంటే మనకి ఆదివారం తెల్లవారుజాము 4:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పుతారు, ఆ మధ్యలో అదే షో మనకి 5:30కి. సౌదీలో షో అయితే పండగే, వాళ్ల రాత్రి 8 మన 10:30, అన్నం తిని హాయిగా కూర్చోవచ్చు. పే-పర్-వ్యూ అని పేరేగానీ అమెరికాలో షోకి ఇంత అని కేబుల్ వాడికి కట్టినట్టు మనమెప్పుడూ కట్టలేదు, టెన్ స్పోర్ట్స్ రోజుల్లో కేబుల్లోనే వచ్చేసేది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఈ షోలు నడిపే అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది. ఇప్పుడు ఆ కంపెనీ వాళ్లు కూడా పే-పర్-వ్యూ అన్న మాట మానేసి ప్రీమియం లైవ్ ఈవెంట్ అంటున్నారు.

ఇక కాగితం. అయిపోయిన నెల క్యాలెండర్ షీటు వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, అది చాలు. అడ్డంగా పెట్టి ఎడమ అంచున మొదటి రౌండ్ పేర్లు జంటలుగా రాయండి, ఒక్కో జంట నుంచి గీత లాగి కుడివైపు ఖాళీ గీత వదలండి, అలా ఒక్క గీత మిగిలేదాకా. పేరు పక్కన రెండు గుర్తులకి చోటు ఉంచుకోండి: ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చుక్కలు, ఎక్కడ దెబ్బ తిన్నాడో ఒక అక్షరం, మోకాలికి మో, నడుముకి న. ఈ రెండో గుర్తు మరిచిపోవద్దు. మొదటి రౌండ్‌లో మోకాలు పట్టుకుని కుంటినవాడు సెమీస్‌లో అదే కాలి మీద దెబ్బ తినకపోతే, ఆ మ్యాచ్ కథ రాసినవాడు బద్ధకించాడని అర్థం. తిన్నాడా, గదంతా ఒక్కసారి "అయ్యో" అంటుంది.

పాత షో ఒకటి పెట్టుకుని ప్రాక్టీస్ చెయ్యండి. నేనైతే 1988 మార్చి 27న అట్లాంటిక్ సిటీలో జరిగిన నాలుగో రెజిల్‌మేనియా, ఏటా జరిగే వాళ్ల అతిపెద్ద షో, చూడమంటా. అంతకుముందు ఫిబ్రవరిలో ఆండ్రే ది జెయింట్ దొంగ రిఫరీ సాయంతో హల్క్ హోగన్‌ని ఓడించి ఛాంపియన్ బెల్టుని టెడ్ డిబియాసీకి అమ్మేశాడు, అలా కుదరదని టైటిల్‌ని ఖాళీ చేసి 14 మందితో టోర్నమెంట్ పెట్టారు. ఇప్పుడు లెక్క చూడండి. 14 మందిలో ఒక్కడు మిగలాలంటే 13 మంది పోవాలి, అంటే 13 మ్యాచ్‌లు. కానీ మీరు కాగితం మీద రాస్తూ పోతే 11 మాత్రమే వస్తాయి. నేను మొదటిసారి ఏదో మిస్సయ్యాననుకుని వెనక్కి తిప్పి మళ్లీ చూశాను! జరిగింది ఏంటంటే జేక్ రాబర్ట్స్, రిక్ రూడ్ మ్యాచ్ టైమ్ అయిపోయి డ్రా, ఇద్దరూ అవుట్. మొదటి రౌండ్ ఆడకుండానే నేరుగా రెండో రౌండ్‌కి వచ్చిన హోగన్, ఆండ్రే ఇద్దరూ ఒకేసారి డిస్‌క్వాలిఫై. రెండుసార్లు జంటగా పోయారు కాబట్టి రెండు మ్యాచ్‌లు తగ్గాయి.

దాంతో ఎవడికి లాభం? హోగన్, ఆండ్రే పోయేసరికి డిబియాసీకి సెమీఫైనల్ ఆడే పనే లేదు, రెండే చుక్కలతో ఫైనల్లో కూర్చున్నాడు. ఇటు రాండీ శావేజ్ బుచ్ రీడ్, గ్రెగ్ వాలెంటైన్, వన్ మ్యాన్ గ్యాంగ్ ముగ్గురితో కొట్టుకుని వచ్చాడు. మ్యాచ్ మ్యాచ్‌కీ కొత్త బట్టలు, పక్కన అతని మేనేజర్ మిస్ ఎలిజబెత్ కూడా కొత్త డ్రెస్, అంత అలసటలోనూ ఆ సోకు చూడాలి. ఫైనల్లో డిబియాసీ మూల దగ్గర ఆండ్రే కాపలా ఉంటే ఎలిజబెత్ లోపలికెళ్లి హోగన్‌ని పిలుచుకొచ్చింది, హోగన్ డిబియాసీకి కుర్చీతో ఒక్కటిచ్చాడు, శావేజ్ తాడు మీద నుంచి మోచేత్తో దూకాడు. కాగితం మీద నాలుగు చుక్కలవాడు మూడు చుక్కలవాడిని కొట్టాడు.

ఈ కిటుకు ఒకసారి కనిపెడితే మిగతా చోట్లా దొరుకుతుంది. 1993 జూన్‌లో డేటన్ ఊళ్లో జరిగిన కింగ్ ఆఫ్ ది రింగ్ టోర్నమెంట్‌లో లెక్స్ లూగర్, టటాంకా డ్రా అయ్యారు, దాంతో బామ్ బామ్ బిగెలో ఒక్క మ్యాచ్ ఆడి ఫైనల్‌కి వచ్చేశాడు. బ్రెట్ హార్ట్ మాత్రం రేజర్ రామోన్‌నీ మిస్టర్ పర్ఫెక్ట్‌నీ దాటుకుని రావాల్సి వచ్చింది, ఆపైన ఆ కొండలాంటి బిగెలోని భుజాల మీద నుంచి దొర్లించి పిన్ చేశాడు, అంటే రెండు భుజాలూ నేలకి ఆనించి రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా పట్టాడు. కాబట్టి మ్యాచ్‌లో "టైమ్ దగ్గర పడింది" అని అనౌన్స్ చేశారంటే కాగితం కేసి చూడండి, ఆ డ్రా వల్ల అటుపక్క ఎవడికి విశ్రాంతి దొరుకుతుందో చూస్తే ఫైనల్ ఎలా ఉండబోతోందో సగం తెలిసిపోతుంది.

టైటిల్ టోర్నమెంట్ జరిగిన 1998 సర్వైవర్ సిరీస్ షోకి మాత్రం ఈ లెక్కతోపాటు ఇంకో కన్ను కూడా కావాలి, యజమాని ఎవరి వైపున్నాడు అని. విన్స్ మెక్‌మాన్ ఆ రాత్రంతా మ్యాన్‌కైండ్‌ని కొడుకులా చూసుకుని, చివర్లో మ్యాన్‌కైండ్ ఓటమి ఒప్పుకోకుండానే గంట కొట్టించి రాక్ చేతికి బెల్టు ఇచ్చాడు. ఏడాది ముందు మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్‌కి చేసిందే మళ్లీ చేశాడు. రాత్రంతా ఎవడికి దారి సుఖంగా దొరికిందో కాగితం మీద ఉంటుంది, అది చూసి అందరం మ్యాన్‌కైండ్ పేరే చెప్పాం, అందరం బోల్తాపడ్డాం.

"గెలిచేది ముందే రాసుకుంటారట కదా, మరెందుకు నిద్ర పాడుచేసుకోవడం" అని మా పిన్ని ప్రతిసారీ అడుగుతుంది. గంజాం ఊళ్లలో ప్రహ్లాద నాటకం తెల్లారేదాకా వేస్తారు పిన్నీ, హిరణ్యకశిపుడు చస్తాడని తెలీకనా అంతమంది చాపలు పట్టుకెళ్తారు అంటాను. ఫలితం రాసుకున్నదే, ఒళ్లు నేలకి తగలడం మాత్రం నిజం. అందుకే పిల్లలు గదిలో ఉంటే ముందే చెప్పండి, మంచం మీద నుంచి దూకొద్దని. మా నాయనమ్మ నులక మంచం కోడు విరిగింది గొంతు పట్టి ఎత్తి పడేసే నా చోక్‌స్లామ్ వల్లే, ఆ వీపు నొప్పి ఎవరూ రాసిపెట్టింది కాదు.

ఈమధ్య షోల విషయంలో ఒక మార్పు గుర్తుంచుకోండి. కింగ్ ఆఫ్ ది రింగ్ తొలి రౌండ్లు ఇప్పుడు వారం వారం వచ్చే రా, స్మాక్‌డౌన్ షోలలో వారాల ముందే అయిపోతాయి, పెద్ద షోలో ఫైనల్ ఒక్కటే. కాగితం అప్పటినుంచే నింపుతూ రావాలి. 2024లో జెడ్డాలో గుంథర్ రాండీ ఆర్టన్‌ని పిన్ చేసినప్పుడు ఆర్టన్ భుజం పైకి లేచే ఉంది, రిఫరీ చూడలేదు, మా గదిలో దాని మీద అరగంట గొడవ. గెలిచినవాడికి సమ్మర్‌స్లామ్‌లో టైటిల్ మ్యాచ్ వస్తుంది, గుంథర్ అక్కడ బెల్టు కూడా పట్టేశాడు. 2025లో కోడీ రోడ్స్‌దీ అదే దారి.

తిండి గురించి పెద్దగా ఏం లేదు. తెల్లవారుజామున అయితే ఫ్లాస్కులో టీ, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసిన మూరీ, అంటే మరమరాలు. ఆరు దాటాక ఒకడు వెళ్లి బరా (గారెలు), గుగ్గునీ (బఠానీ కూర) కట్టించుకురావాలి, ఎవడు వెళ్లాలన్నది మొదటి మ్యాచ్ జోస్యం తప్పినవాడి ఖాతా. "కిఏ జితిబ?" (ఎవరు గెలుస్తారు?) అని మా ఒడియా దోస్త్ ప్రతి మ్యాచ్‌కీ అందరినీ అడిగి రాసుకుంటాడు, డబ్బు పందెం మాత్రం పెట్టం. ఫోన్లు బోర్లా పెట్టించండి. ఒకసారి మా సిగ్నల్ సరిగ్గా ఫైనల్ మధ్యలో ఆగిపోయింది, అది తిరిగొచ్చేలోపు ఫలితం మెసేజ్ రూపంలో ఎవడి ఫోన్‌కో వచ్చింది, వాడు పైకి చదివేశాడు.

ఆఖరి గీత మీద పేరు మాత్రం పెన్సిల్‌తోనే రాయండి. 2015 సర్వైవర్ సిరీస్, మనకి సోమవారం పొద్దున. సెత్ రోలిన్స్ మోకాలు పోయి టైటిల్ ఖాళీ అయింది, రోమన్ రెయిన్స్ అదే రాత్రి ఆల్బర్టో డెల్ రియోనీ డీన్ ఆంబ్రోస్‌నీ కొట్టి గెలిచాడు, పైనుంచి కాగితాలు రాలుతున్నాయి, మా బావ లేచి ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రోమన్ అని రాసేసి ఆఫీసు టైమవుతోందని చెప్పులేసుకున్నాడు. మెట్లు దిగేలోపు షేమస్ ఎప్పుడు కావాలంటే అప్పుడు టైటిల్ మ్యాచ్ అడిగే హక్కిచ్చే మనీ ఇన్ ద బ్యాంక్ బ్రీఫ్‌కేస్ పట్టుకుని రింగులోకి వచ్చాడు. రోమన్ బెల్టు పట్టుకుని ఉన్నది ఐదు నిమిషాల పైచిలుకు. "బావా, వెనక్కి రా" అని మేడమీద నుంచి అరిచాను. ఆ క్యాలెండర్ షీటు ఇప్పటికీ మా బీరువాలో ఉంది, ఎర్ర సిరా మీద నీలం కొట్టివేతతో.