ఎడిట్ పెట్టినం, చూసేటోళ్ళేరి? ఏడ తెగిందో పట్టుకునే పద్ధతి

ఎడిట్ అంటే మనకు నచ్చిన సినిమా, సీరియల్, యానిమే (జపాన్ కార్టూన్) ముక్కలను వేరే పాట మీద కుట్టి కొత్త కథ చెప్పుడు. మా హన్మకొండ ఎడిటర్ల గ్రూపుల నెలకు ఒక్కడన్న కొత్త పిల్లగాడు వచ్చి ఇదే మాట అడుగుతడు: "అన్నా, రెండు వారాలు కూసొని ఎడిట్ చేసిన. నలభై మంది గూడ చూడలే. అల్గారిదం నన్ను తొక్కుతుందంటవా?"

తొక్కుతలేదు తమ్మీ. నువ్వున్నవని దానికింకా తెల్వదు.

బాయి కాడ మోటర్ నీళ్ళు పోస్తలేదంటే ఎవ్వరూ వచ్చీ రాంగనే మోటర్‌ను పైకి గుంజరు. ముందు కరెంటు ఉందా చూస్తరు, తర్వాత ఫ్యూజు, తర్వాత స్టార్టర్. ఎడిట్‌కు గూడ అదే వరస. వీడియో జనం కండ్ల ముందటికి పోయిందా? పోతే నొక్కిన్రా? నొక్కినోళ్ళు ఆగిన్రా? ఆగినోళ్ళు ఇంకొకరికి పంపిన్రా? ఈ నాలుగిట్ల తెగింది ఏడనో చూడకుండ కొత్త ఎఫెక్టులు కొనుక్కునేటోడు, ఫ్యూజు పోతే పైపులు మార్చినట్టే.

ఎడిట్‌ను ఎందరు చూసిన్రు, ఎంతసేపు చూసిన్రు అనే లెక్కలన్నీ యూట్యూబ్ స్టూడియోల ఉంటయి. ఇన్‌స్టాల అయితే అకౌంట్‌ను ప్రొఫెషనల్‌కు మార్చుకుంటే ఇన్‌సైట్స్ కనబడ్తయి. లెక్క చూడకుండ మందు అడగొద్దు.

"ఎవ్వరికీ కనబడ్తనే లేదు"

స్టూడియోల ఇంప్రెషన్లు, అంటే వీడియో బొమ్మ జనానికి ఎన్నిసార్లు కనబడ్డదన్న లెక్క, వందల్లనే ఆగిపోయినయంటే కథ ఈడనే తెగింది. వీడియో మంచిదా చెడ్డదా అన్న మాట ఇంకా రాలేదు, ఎందుకంటే దాన్ని ఎవ్వరికీ చూపెట్టలేదు.

కారణం తొంభై పాళ్ళు ఒక్కటే. మొదటి చూసేటోళ్ళను తప్పు జాగల వెతికినం. నా మొదటి ఎడిట్‌ను నేను మా ఇంటోళ్ళ వాట్సాప్ గ్రూపుల పెట్టిన. యానిమే కత్తి యుద్ధం మీద బతుకమ్మ పాట. మా మేనత్త దండం బొమ్మ పెట్టింది, మా మామ "శుభోదయం" పెట్టిండు. ఇద్దరూ వీడియో తెరిచిన్రు, కత్తులు చూసి మూసిన్రు. తెరిచి మూసేటోళ్ళు పది మంది దొరికితే, అసలు తెరవనోళ్ళు పది మంది కంటే నష్టం. ఈ వీడియో ఆగి చూసేది కాదని యూట్యూబ్‌కు మన చేత్తోని మనమే చెప్పినట్టు అయితది.

ఈ కళ పుట్టుడే చూసేటోళ్ళ నడుమ పుట్టింది. 1975ల అమెరికాల క్యాండీ ఫాంగ్ అనే ఆమె స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ బొమ్మల స్లైడులను ఒక పాటకు తగ్గట్టు మార్చుకుంట అభిమానుల ముందట ఆడించింది. ఫ్యాన్ వీడియోలకు మొదలు అదేనంటరు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లేదు, వీసీఆర్ గూడ వాడలే. గని ఆ గదిల కూసున్నోళ్ళకు ప్రతి బొమ్మా ఎరుకే. ఏ బొమ్మ మీద ఏ మాట పడితే నవ్వు వస్తదో, ఏ మాట పడితే గొంతు పట్టుకుంటదో వాళ్ళకు చెప్పాల్సిన పని లేకుండె.

అందుకే ముందు ఆ గదిని వెతకాలె. ఆ సీరియల్ తెలిసినోళ్ళు, ఆ పాట గూడ తెలిసినోళ్ళు, ఇద్దరూ కలిసిన జాగ. ఎన్‌ఐటీ హాస్టళ్ళల్ల, కాకతీయ యూనివర్సిటీ దిక్కు యానిమే చూసే పోరగాళ్ళు బొచ్చెడుమంది ఉన్నరు. వాళ్ళ టెలిగ్రామ్, డిస్కార్డ్ గ్రూపులు వాళ్ళకున్నయి. హీరో అభిమానుల గ్రూపు వేరే లోకం. అండ్ల యానిమే ఎడిట్ పెడితే తిట్టరు గని, పట్టించుకోరు. అది ఇంకా అన్యాలం.

దొరికిన గ్రూపుల పోయి లింకు పడేసి రావద్దు. అందరూ చేసే తప్పు ఇదే. పెండ్లికి పోయి కట్నం చదివించకుండ, ఎవ్వరినీ పలకరించకుండ, నేరుగ బంతిల కూసున్నట్టు ఉంటది. రెండు వారాలు వేరేటోళ్ళ ఎడిట్లు చూడండి. "సూపర్ అన్నా", మంట బొమ్మ, ఇవి కామెంట్లు కావు. "1:12 కాడ వానల నుంచి ఆమె కన్నీళ్ళకు కట్ చేసినవు చూడు, అది మస్తు కుదిరింది. 1:40 కాడ మాత్రం పాట తగ్గుతుంటే బొమ్మ ఉరుకుతుంది" అని రాయండి. ఇంత చూసినోడు ఎవడని ఆ ఎడిటర్ మీ పేరు నొక్కి మరీ చూస్తడు. నా చానెల్‌కు మొదటి ఇరవై మంది అట్లనే వచ్చిన్రు. ఇయ్యాల్టికీ వాళ్ళే నా అసలు జనం.

ఇంకో దారి ఎంఈపీ, అంటే మల్టీ ఎడిటర్ ప్రాజెక్ట్. ఒక్క పాటను పది పదిహేను సెకండ్ల ముక్కలు చేసి తలా ఒక ముక్క పంచుకుంటరు. ఆఖరికి ఒకడు అన్నీ కలిపి కుడ్తడు. కొత్తోడికి ఇంతకంటే మంచి బడి లేదు. పక్క ముక్క చేసినోడు మనకంటే పదింతలు మంచిగ చేస్తే సిగ్గు అయితది, ఆ సిగ్గుతోనే పని వస్తది. చేసిన ప్రతోడూ తనోళ్ళను తెచ్చుకుంటడు గనక వాళ్ళంతా మన ముక్కను గూడ చూస్తరు.

"నువ్వు నాది సబ్‌స్క్రైబ్ చెయ్యి, నేను నీది చేస్త" అనే బేరాలు మాత్రం పెట్టుకోకండి. యూట్యూబ్ రూల్స్ ప్రకారమే అది తప్పు. పైంగ అట్ల వచ్చినోడు ఒక్క వీడియో గూడ చూడడు.

"కనబడ్తుంది గని నొక్కుతలేరు"

ఇది చిన్న రిపేరు. సగం చానెళ్ళు, వీడియోలకు క్లిక్ త్రూ రేటు, అంటే కనబడ్డ ప్రతి వందసార్లల్ల ఎన్నిసార్లు నొక్కిన్రన్నది, 2 నుంచి 10 శాతం నడుమ ఉంటదని యూట్యూబే చెప్తది. మీది 2 కంటే తక్కువుంటే తంబ్‌నెయిల్, అంటే నొక్కక ముందు కనబడే బొమ్మ, చూడండి. మొఖం ఒక్కటే పెట్టండి, పెద్దగ. కుడి దిక్కు కింద మూలల అక్షరాలు పెట్టొద్దు, వీడియో నిడివి అంకెలు వచ్చి సరిగ్గ దాని మీదనే కూసుంటయి. టైటిల్‌ల పాట పేరు, సీరియల్ పేరు రెండూ ఉండాలె. తెలుగు పాటను గూడ ఇంగ్లీషు అక్షరాల్ల టైపు చేసి వెతికేటోళ్ళు మస్తు ఉంటరు గనక రెండు లిపులల్ల రాసుకోండి. "బెస్ట్ ఎడిట్ ఎవర్" అని ఎవ్వరూ వెతకరు.

"నొక్కుతున్నరు, పది సెకండ్లకే పోతున్నరు"

రిటెన్షన్ గీత, అంటే ఏ సెకండు దాక ఎంతమంది ఆగిన్రో చూపెట్టే గీత, మొదట్లనే కొండ మీది నుంచి దూకినట్టు ఉంటే ముందు మీ ఇంట్రో తీసేయండి. నల్ల తెర, తిరిగే లోగో, చానెల్ పేరు, "హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి" అనే బోర్డు. ఎడిట్ కోసం వచ్చినోడికి ఇవేం పని? మొదటి బొమ్మ మొదటి సెకండ్లనే రావాలె. పాటకు పొడుగు మ్యూజిక్ ఉంటే దాన్ని కోయండి, పాట ఎవ్వరికీ బాకీ లేదు.

గీత నడిమిట్ల మెల్లమెల్లగ జారుతుంటే అది కథ లేని రోగం. మంచి మంచి షాట్లు వరసగ పేర్చిన్రు, గంతే. ఎవరి మీద ఎడిట్, వాడికి ఏమైతుంది, ఆఖరికి ఏం మారింది? ఒక్క వాక్యంల చెప్పరాకుంటే చూసేటోడికి ఆగే కారణం గూడ దొరకదు.

ఇగ అన్నిటికంటే కష్టంగ దొరికే తప్పు చెప్త, నాకు నెలరోజులు దొరకలే. ఆ బతుకమ్మ ఎడిట్ సంగతే. వెయ్యి స్తంభాల గుడి కాడ సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మోళ్ళు ఆడుతుంటే ఫోన్ల రికార్డు చేసిన పాట అది. చుట్టూ తిరుగుకుంట వంగి చప్పట్లు కొడ్తరు, ఒకామె పాడుతది, మిగిలినోళ్ళు "ఉయ్యాలో" అందుకుంటరు. ప్రతి చప్పట్ల కాడ కత్తి దిగాలె. అదీ నా ఆలోచన. నేను చూస్తే ప్రతి దెబ్బ సరిగ్గ పడ్తుంది. గ్రూపుల పెడితే ఒకాయన "తమ్మీ, అన్నీ లేటు" అన్నడు. ఇంకొకామె గూడ అదే మాట. నాకు కోపం వచ్చింది. మల్ల చూసిన, సరిగ్గనే ఉంది.

ఒకరోజు కాజీపేట స్టేషన్ బయట చాయ్ తాగుకుంట ఇయర్‌బడ్స్ చార్జింగ్ అయిపోయి, ఉత్త ఫోన్ స్పీకర్‌లనే చూసిన. చప్పట్లు పడ్డంక కత్తి దిగుతుంది. ప్రతి ఒక్కటి! తప్పు బ్లూటూత్‌ది. బ్లూటూత్‌ల శబ్దం చెవికి వచ్చేసరికి సెకండుల పదో వంతు నుంచి ఐదో వంతు దాక ఆలస్యం అయితది. ఉత్తగ చూసేటప్పుడు చాలా యాప్‌లు ఆ తేడాను సర్దుతయి, ఎడిటింగ్ యాప్ సర్దుతదన్న గ్యారంటీ లేదు. నాకు ఆలస్యంగ వినబడ్డ చప్పట్లకు తగ్గట్టు నేను బొమ్మను ఎనుకకు జరిపిన. సెకండుకు 24 ఫ్రేములు అనుకుంటే ఐదో వంతు అంటే దగ్గర దగ్గర ఐదు ఫ్రేములు. ఐదు ఫ్రేముల తేడా ఏడుందో చెప్పరాకున్నా ఒళ్ళు పడ్తది. అందుకే చూసేటోడు ఎందుకో తెల్వకుండనే లేచిపోతడు.

మందు: ఎడిట్ చేసేటప్పుడు వైరు ఇయర్‌ఫోనే. పాట వేవ్‌ఫామ్ (శబ్దం ఎచ్చుతగ్గులు చూపే గీత) పెద్దగ చేసి, దెబ్బ శిఖరం మీద మార్కర్ పెట్టి, కట్‌ను దానికంటే ఒకటి రెండు ఫ్రేములు ముందల పెట్టండి. సరిగ్గ దెబ్బ మీదనే పెడితే గూడ ఎందుకో జర లేటు అనిపిస్తది, కన్నుకు కొత్త బొమ్మ అందాలె కదా. మొదట్ల సరిగ్గ ఉండి పోను పోను తప్పుతుంటే మాత్రం అది వేరే జబ్బు. స్క్రీన్ రికార్డు చేసిన క్లిప్పులకు ఫ్రేమ్ రేటు నిలకడగ ఉండదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల కాన్‌స్టంట్ (నిలకడ) ఫ్రేమ్ రేటుకు మార్చుకొని అప్పుడు కోయండి.

"బొమ్మ మసక మసకగ ఉందంటున్నరు"

వాట్సాప్‌ల వచ్చిన క్లిప్పు మీద ఎడిట్ చేసి ఉంటరు. జిరాక్సుకు జిరాక్సు తీస్తే ఎట్లుంటది? అట్లనే. చీకటి సీన్లు గడులు గడులుగ అయితయి. క్లిప్పు మొదలు ఎంత మంచిదైతే అంత మంచిది. దోస్తుకు పంపాలంటే డాక్యుమెంట్ లెక్క పంపండి. సౌండ్ పెంచి పెంచి పెట్టుడు గూడ దండుగ, ఎక్కువ లౌడ్ ఉన్నదాన్ని యూట్యూబ్ తనే తగ్గిస్తది.

"పెట్టిన గంటకే బ్లాక్ అయింది"

భయపడే ముందు ఏం పడిందో చదవండి. కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరు, కాపీరైట్ స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే వేరేటోళ్ళ పాట, బొమ్మ ఉందని యూట్యూబ్ మిషన్ పట్టిన గుర్తు. పాట ఓనర్ వీడియోను ఆపొచ్చు, యాడ్ల పైసలు తనే తీసుకోవచ్చు, లేదా ఊకె చూస్తుండొచ్చు. ఎక్కువసార్లు వీడియో ఉంటది, పైసలు మనకు రావు, గంతే. స్ట్రైక్ అట్ల కాదు, ఓనర్ కంప్లయింట్ మీద వీడియో తీసేసి వేసే దెబ్బ. 90 రోజుల లోపల మూడు పడితే చానెలే పోతది. షార్ట్‌ల నిడివి 2024 అక్టోబర్ 15 నుంచి మూడు నిమిషాలకు పెంచిన్రు గని, నిమిషం దాటినదానికి క్లెయిమ్ పడితే అది బ్లాకేనని అప్పుడే చెప్పిన్రు. కాబట్టి షార్ట్‌ను నిమిషం లోపలనే ఉంచండి.

"క్రెడిట్స్ పాట ఓనర్‌కే" అని కింద రాసుడు తాయెత్తు కట్టుకున్నట్టే, పని చెయ్యదు. మన 1957 కాపీరైట్ చట్టంల 52వ సెక్షన్ సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తల అసుంటి వాటికి వెసులుబాటు ఇస్తది. యుద్ధం సీను మీద పాట పెట్టుడు సమీక్ష అని వాదించుడు కష్టం. మిషన్‌కు దొరకకుండ పాట పిచ్ (గొంతు ఎత్తు) మార్చుడు, బొమ్మను అద్దంల తిప్పినట్టు తిప్పుడు అనే ట్రిక్కులు చెప్పేటోళ్ళు ఉన్నరు. మిషన్ దొరకబడ్తదో లేదో గని, పాట తెలిసినోడు మొదటి చరణానికే బయటికి పోతడు. చూసేటోళ్ళను పోగొట్టుకొని వీడియోను కాపాడుకున్నట్టు.

మన దిక్కోళ్ళకు ఇంతకంటే మంచి దారి ఉంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఏడ చూసినా జానపద పాటలు తీసి సొంతంగ యూట్యూబ్‌ల పెట్టేటోళ్ళు ఉన్నరు. వాళ్ళు మెసేజ్ చదువుతరు. నేను పంపేది ఇట్లుంటది: "అన్నా నమస్తే. మీ పాట మీద 40 సెకండ్ల ఎడిట్ చేసిన. పెట్టే ముందు మీరు చూడాలని పంపుతున్న. మీకు ఇష్టం లేకుంటే పెట్టను. పెట్టుమంటే మీ చానెల్ పేరు, పాట లింకు మొదటి లైన్లనే ఉంటయి." కొందరు జవాబు ఇయ్యలే. ఒకాయన వద్దన్నడు, పెట్టలే. సరేనన్న ఇంకొకాయన తన స్టేటస్‌ల గూడ పెట్టుకున్నడు. నా ఎడిట్‌ను మా గ్రూపు బయటోళ్ళు చూసుడు అదే మొదలు. అనుమతి పాటకే వచ్చింది, బొమ్మ సొంతదారు వేరే ఉన్నడనేది మాత్రం యాది పెట్టుకోండి.

లేకుంటే అమ్మోళ్ళు పాడింది రికార్డు చేసుకోండి. ఎవరో పెట్టిన రికార్డింగుతోని పోలిక కలిసి దానికి గూడ క్లెయిమ్ పడొచ్చు. అప్పుడు డిస్ప్యూట్, అంటే ఆ క్లెయిమ్ తప్పని అర్జీ, పెట్టండి, క్లెయిమ్ చేసినోళ్ళకు జవాబు ఇయ్యనీకి 30 రోజుల గడువు ఉంటది. సొంత రికార్డింగ్ ఫైలు ఫోన్లకెళ్ళి తీసేయకండి. బతుకమ్మ ఎడిట్ అయితే ఎంగిలిపూల (పండుగ మొదటి రోజు) కంటే వారం ముందుగాల పెట్టండి. ఆఖరి రోజు సద్దుల నాడు పెడితే అప్పటికే అందరి స్టేటస్‌లు నిండిపోయి ఉంటయి.

"వ్యూస్ వచ్చినయి, వేరేటోడి పేజీల"

ఇది గూడ అయితది. మీ ఎడిట్‌ను దించుకొని పేరు కత్తిరించి తన పేజీల పెట్టుకుంటడు. పేరును అంచుకు కాకుండ బొమ్మ నడిమికి దగ్గర, సన్నగ, షాట్ షాట్‌కూ జాగ మారుకుంట పెట్టండి, కత్తిరించరాదు. ముందు మెసేజ్ పెట్టి పేరు రాయమని అడగండి. రాయకుంటే ఆ పోస్టు కింద మీ ఒరిజినల్ లింకు, పెట్టిన తారీఖు కామెంట్ల పెట్టండి. గ్రూపుల మనోళ్ళుంటే ఆ కామెంట్‌ను వాళ్ళే పైకి లేపుతరు. కాపీరైట్ కంప్లయింట్ ఇస్తనని మాత్రం ఎగరకండి. ఫారంల "ఈ వీడియో సొంతదారు ఎవరు" అని అడుగుతరు. ఆ కత్తి పట్టుకున్నోడి బొమ్మ గీసింది మనమా?