ఎముకను కాసే మాత్ర, కరిగించే మాత్ర: అండాశయాలు తీసేశాక ఏం చూసుకోవాలి

ముందు డిశ్చార్జి కాగితం వెతకండి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నలభై నిండకుండానే గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు ఎందరో. గర్భసంచి తీశారని అందరికీ తెలుసు. అండాశయాలు ఉంచారో లేదో కాగితం చూస్తేగానీ తేలదు. ‘బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ’ అనో, పొట్టిగా ‘బి.ఎస్.ఓ.’ అనో ఉంటే రెండూ పోయినట్టే. ఎముకను తవ్వే కణాలకు కళ్ళెం వేసేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్. అది ఒక్కసారిగా పడిపోతే తవ్వినంత వేగంగా పూడ్చడం జరగదు. మొదటి కొన్నేళ్ళలోనే నష్టం ఎక్కువ, అదీ ముందుగా వెన్నుపూసల్లో.

తర్వాత ఎప్పుడైనా రొమ్ము క్యాన్సర్‌కని ‘హార్మోన్ మాత్ర’ రాస్తే, స్ట్రిప్ మీద మందు పేరు చదవండి. ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందులన్నీ ఎముకకు చేటు చేసేవి కావు. టామాక్సిఫెన్ (రోజుకు 20 మి.గ్రా.) రొమ్ములో ఈస్ట్రోజెన్‌కు అడ్డుపడుతుంది, ఎముకలో మాత్రం దానిలాగే పనిచేస్తుంది. అండాశయాలు తీసిన ఎలుకల్లో 1980లలోనే ఇది కనబడింది. ముట్లాగిన ఆడవాళ్ళ నడుము పూసల్ని నిలబెడుతుందని 1992లో తేలింది. ఇంకా ముట్లవుతున్నవాళ్ళలో ఇదే మాత్ర ఎముకను కొంత తగ్గిస్తుంది: ఒంట్లో అసలు ఈస్ట్రోజెన్ నిండుగా ఉండగా, దాని చోట్లో ఈ బలహీనమైన నకలు కూర్చుంటుంది. అందుకే అక్కకు, చెల్లికి ఒకే మాత్ర రాసినా ఎముకల లెక్క వేరు కావచ్చు.

రాలోక్సిఫెన్ (60 మి.గ్రా.) ఎముకల కోసమే ఇచ్చేది. వెన్నుపూసలు విరగడాన్ని తగ్గిస్తుంది, తుంటిని కాస్తుందన్న రుజువు లేదు. ఈ రెండు మందులతోనూ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

లెట్రోజోల్ (2.5), అనాస్ట్రోజోల్ (1), ఎక్సిమెస్టేన్ (25 మి.గ్రా.) కూడా రొమ్ము క్యాన్సర్ మాత్రలే, కానీ వేరే జాతి. అండాశయాలు లేకున్నా కొవ్వులో కాస్త ఈస్ట్రోజెన్ తయారవుతుంది. దాన్నీ ఇవి ఆపేస్తాయి. ఎముక ఇంకా కరుగుతుంది. అలాగని మాత్ర మానకండి, క్యాన్సర్ తిరగబెట్టడం అంతకన్నా పెద్ద ముప్పు. మందు మొదలుపెట్టేటప్పుడే డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్-రే పరీక్ష) అడగండి, ఏడాది రెండేళ్ళకోసారి అదే యంత్రం మీద మళ్ళీ తీయించండి. ఆ రిపోర్టులో టి-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. క్యాంపుల్లో మడమకు పెట్టి చూసే పరీక్ష దీనికి బదులు కాదు.

రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం అందాలి. వంద గ్రాముల చోళ్ళలో (రాగుల్లో) సుమారు 350 మి.గ్రా. ఉంటుంది కాబట్టి చోడి అంబలి మంచిదే, అదొక్కటే చాలదు. కాల్షియం కార్బొనేట్ మాత్ర అన్నంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎముక కరగకుండా ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్‌కు ముందు ప్రతిసారీ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూడాలి. కిడ్నీల వడపోత నిమిషానికి 35 మి.లీ. కన్నా తక్కువైతే అది ఇవ్వకూడదు. బదులుగా డెనోసుమాబ్ (60 మి.గ్రా.) అనే మరో ఎముకల ఇంజెక్షన్ రాస్తే, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, రక్తపరీక్ష తప్పదు. అది ఆరు నెలలకోసారి వేసేది. గడువు దాటితే పూసలు ఒకదాని వెంట ఒకటి విరగొచ్చు. చెన్నైకో హైదరాబాదుకో వలస పోయేటప్పుడు ఆ తేదీ రాసిన చీటీ వెంట ఉండాలి.